గిన్నె కింద దొరికిన నూడుల్స్

చైనాలో పసుపు నది అనే పెద్ద నది ఉంది. దాని ఎగువన లాజియా అనే చోట ఒక పాత ఊరు మట్టిలో పూడిపోయి ఉంది. సుమారు 4000 ఏళ్ల కిందట అక్కడ భూకంపం వచ్చింది. వరద ముంచెత్తింది. ఊరు ఊరంతా బురద కింద పడిపోయింది. ఒక ఇంట్లో ఒక ఆడమనిషి చిన్నబిడ్డను పొదివి పట్టుకుని ఉంది. వాళ్ల ఎముకలు అలాగే దొరికాయి.

అదే ఊళ్లో తవ్వుతుంటే ఒక మట్టిగిన్నె బోర్లా పడి కనిపించింది. ఎత్తి చూస్తే కింద సన్నని పసుపుపచ్చ పోగులు ఉన్నాయి. ఒక్కో పోగు అర మీటరు దాకా పొడవుంది. ఎవరో తినబోయిన తిండి అది. 2005లో ఈ సంగతి లోకానికి తెలిసింది. ఇప్పటిదాకా దొరికిన నూడుల్స్‌లో ఇవే చాలా పాతవి.

వాటిని ఏ పిండితో చేశారు? కొర్రలు, వరిగలతో చేశారని పరిశోధించినవాళ్లు చెప్పారు. మన మెట్ట రైతులకు తెలిసిన గింజలే! కాని కొందరు శాస్త్రవేత్తలు ఒప్పుకోలేదు. కొర్రపిండి సాగదు కదా, అంత పొడవు పోగులు ఎలా వచ్చాయి అని అడిగారు. పిండిని ఉడికించి, చిల్లుల గుండా ఒత్తి ఉంటారని మరికొందరు అన్నారు. ఆ వాదన ఇంకా తెగలేదు.

ఆ అనుమానం ఎందుకు వచ్చిందో వంట చేసేవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. గోధుమపిండి కలిపి చపాతీ ముద్ద లాగండి. సాగుతుంది. జొన్నపిండి ముద్ద లాగండి. పుటుక్కున తెగిపోతుంది. అందుకే జొన్నరొట్టెకు వేడినీళ్లు పోసి పిండి కలుపుతారు. చేత్తో తట్టి చేస్తారు. గోధుమలో ఒక జిగురు పదార్థం ఉంది. దాని పేరు గ్లూటెన్. మైదా ముద్దను నీళ్లలో పిసుకుతూ కడిగితే తెల్లటి గంజి పోతుంది. చివరికి చేతిలో రబ్బరులాంటి ముద్ద మిగులుతుంది. అదే గ్లూటెన్. కొర్ర, జొన్న, బియ్యం పిండిలో ఇది లేదు.

గోధుమ చైనాకు పడమటి దేశాల నుంచి వచ్చింది. తిరగళ్లతో మెత్తగా విసరడం పెరిగాక గోధుమపిండి వంటలు పెరిగాయి. చైనాలో లాన్‌జౌ అనే నగరం చేత్తో లాగిన నూడుల్స్‌కు పేరు పడింది. వంటవాడు పిండిని తాడులా లాగుతాడు. రెండుగా మడుస్తాడు. మళ్లీ లాగుతాడు. ఒక మడతకు 2 పోగులు. రెండో మడతకు 4. తర్వాత 8, 16, 32. లెక్క వేసి చూడండి, ఎనిమిదో మడతకు 256 పోగులు! కత్తి లేదు, మర లేదు. రెండు చేతులే. పుట్టినరోజున చైనావాళ్లు పొడవాటి నూడుల్స్ తింటారు. పోగు ఎంత పొడవుంటే ఆయుష్షు అంత పొడుగు అని వాళ్ల నమ్మకం. అందుకని తుంచరు.

మరి గోధుమ పండని చోట ఏం చేశారు? ఉన్న గింజకు తగ్గ ఉపాయం కనిపెట్టారు. దక్షిణ చైనా, వియత్నాం, థాయిలాండ్ వరి దేశాలు. బియ్యం నానబెట్టి రుబ్బుతారు. ఆ పిండిని పలచగా పరిచి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆ పొరను రిబ్బన్లలా కోస్తారు. వియత్నాంలో ఈ రిబ్బన్లను ఎముకల పులుసులో వేసుకుని తింటారు. దాని పేరు ఫో. చైనాలో పెసల గంజితో కూడా నూడుల్స్ చేస్తారు. ఉడికితే అవి గాజులా మెరుస్తాయి. కొరియాలో ఇదే పనికి చిలగడదుంప గంజి వాడతారు. అక్కడే బక్‌వీట్ అనే గింజ పిండి వాడి, మరిగే నీళ్లలోకి చిల్లుల గుండా ఒత్తి ఇంకో రకం చేస్తారు. మన జంతికల గొట్టం పద్ధతే. మనం నూనెలోకి ఒత్తుతాం, వాళ్లు నీళ్లలోకి ఒత్తుతారు. అంతే తేడా.

మన దగ్గర సేమ్యా ఉండనే ఉంది. ఎండాకాలంలో చేతిమరకు పిండి పెట్టి తిప్పి, పోగుల్ని దండెం మీద ఆరేసేవారు. రంజాన్ పండగనాడు ముస్లింల ఇళ్లలో పాలు, ఖర్జూరాలు వేసి షీర్ ఖుర్మా వండుతారు. అందులోనూ సేమ్యాయే. తమిళనాడు, కేరళల్లో బియ్యప్పిండిని ఒత్తి, ఆవిరి మీద ఉడికించి ఇడియాప్పం చేస్తారు.

ఇటలీ దేశపు పాస్తా గురించి ఒక కట్టుకథ ఉంది. మార్కోపోలో అనే యాత్రికుడు చైనా నుంచి దాన్ని తెచ్చాడంటారు. అతను తిరిగొచ్చింది 1295లో. కాని 1154లోనే అల్ ఇద్రీసీ అనే అరబ్బు పండితుడు సిసిలీ దీవి గురించి రాశాడు. అక్కడ ట్రబియా అనే ఊళ్లో పిండిపోగులు చేసి ఓడల్లో పంపుతున్నారని చెప్పాడు. మార్కోపోలో అప్పటికి పుట్టనే లేదు!

ఇక పొట్లాల్లో వచ్చే నూడుల్స్ సంగతి. రెండో ప్రపంచయుద్ధం 1945లో ముగిసింది. జపాన్‌లో తిండికి కటకట. ఒసాకా నగరంలో ఒక చిన్న కొట్టు ముందు, చలిలో వణుకుతూ జనం వరస కట్టారు. ఒక గిన్నెడు వేడి నూడుల్స్ కోసం. మోమోఫుకు ఆండో అనే వ్యాపారి అది చూశాడు. ఆ వరస అతని మనసులో ఉండిపోయింది. తర్వాత అతని వ్యాపారం దెబ్బతింది. ఆస్తి పోయింది. అప్పుడు ఇంటి వెనక పాకలో కూచుని పని మొదలుపెట్టాడు. వేడినీళ్లు పోస్తే చాలు, తయారయ్యే నూడుల్స్ చేయాలని అతని పట్టుదల.

ఎలా కుదిరింది? ముందు నూడుల్స్‌ను ఆవిరి పట్టాడు. తర్వాత కాగే నూనెలో వేయించాడు. వేయిస్తే లోపలి నీరంతా ఆవిరై పోతుంది. అది పోయిన చోట సన్నని చిల్లులు మిగులుతాయి. వేడినీళ్లు పోస్తే ఆ చిల్లుల్లోకి చేరి పోగు మెత్తబడుతుంది. నీరు లేదు కాబట్టి నెలల తరబడి పాడవదు. 1958 ఆగస్టు 25న అమ్మకం మొదలైంది. ధర 35 యెన్లు. మామూలు నూడుల్స్ కంటే చాలా ఎక్కువ. ఆకలి తీర్చాలనుకున్న తిండి మొదట్లో ఖరీదైన సరుకే అయ్యింది. తర్వాత చవకైంది. ఇప్పుడు ప్రపంచంలో ఏడాదికి సుమారు 12 వేల కోట్ల పొట్లాలు, కప్పులు తింటున్నారు. 2023లో మన దేశం లెక్కే 800 కోట్లు దాటింది.

పిల్లలు అడిగితే మనమూ కొంటాం. పొట్లం వెనక చాలాసార్లు ఇంగ్లీషో హిందీయో ఉంటుంది. కాని అంకెలు అందరికీ ఒకటే. తయారైన తేదీ, ధర, బరువు చూడండి. సోడియం అన్న వరస ఎక్కడుందో తెలిసినవాళ్లను ఒక్కసారి అడిగి గుర్తుపెట్టుకోండి. అది ఉప్పు లెక్క. 100 గ్రాములకు 1000 మిల్లీగ్రాములు అని ఉందనుకోండి. దాన్ని రెండున్నరతో హెచ్చించాలి. అంటే రెండున్నర గ్రాముల ఉప్పు. పొట్లం 70 గ్రాములైతే పావు తక్కువ రెండు గ్రాములు. పెద్దవాళ్లకే రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. పిల్లలకు ఇంకా తక్కువ చాలు. ఆ ఉప్పులో ఎక్కువ భాగం లోపలి చిన్న మసాలా పొట్లంలోనే ఉంటుంది. అది సగమే వేసి, క్యారెట్టూ బఠాణీ కలిపి, ఒక గుడ్డు కొట్టి వేస్తే పిల్లలు వద్దనరు.