చదరంగపు గడులలో ఒక మహాసంఖ్య

మేము గణిత పండితులము కాము. తెలుగు పాఠములు చెప్పుకొనువారము. అయినను 18446744073709551615 అను సంఖ్య మమ్ము చాల కాలముగా ఆకర్షించుచున్నది. ఒకనాడు దీనిని నల్లబల్లపై వ్రాయగా విద్యార్థులు, "యంత్రము లేనిదే దీని జోలికి పోలేము సార్" అనిరి. ఇరువది అంకెలను చూచి జడిసిరి కాని, అది ఎట్లు పుట్టినదో అడుగలేదు.

చదరంగమును కనిపెట్టినవానిని రాజు వరము కోరుకొమ్మనెనట. మొదటి గడికి ఒక గోధుమగింజ, రెండవదానికి రెండు, మూడవదానికి నాలుగు, ఇట్లు 64 గడులకును రెట్టింపుగా ఇమ్మని అతడు కోరెను. పదమూడవ శతాబ్దిలో ఇబ్న్ ఖల్లికాన్ ఈ కథ చెప్పెను. కథ కల్పితమే కావచ్చును, లెక్క కాదు. ఇరువదియైదు గింజలు ఒక గ్రాము తూగుననుకొన్నచో, ఆ వరము 73 వేల కోట్ల టన్నులు దాటును. నేడు ప్రపంచమున ఏటా పండు గోధుమ సుమారు 80 కోట్ల టన్నులు. అనగా తొమ్మిది వందల ఏండ్ల పంట!

సుమారు 1000వ సంవత్సరముననే అల్ బిరూనీ ఈ మొత్తమును గణించెను. అతడు అరువది నాలుగు రాశులను కూడుచు కూర్చుండలేదు. 1, 2, 4 కలిసి 7. తరువాతి గడిలో 8. ఎన్ని గడులను కూడినను మొత్తము తరువాతి గడికి ఒకటి తక్కువ. కావున లేని అరువదియైదవ గడిని ఊహించి, అందుండి ఒకటి తీసివేసిన చాలును. ఆ గడికి చేరుటకు 2తో మొదలిడి వర్గములు చేయవలెను: 4, 16, 256, 65536, 4294967296, మరియొక వర్గముతో 18446744073709551616. ఆరే గుణకారములు!

దీనిని విడదీయుటయు ఆ త్రోవనే. వర్గమునుండి ఒకటి తీసివేసినచో, మూలమునకు ఒకటి తక్కువ, ఒకటి ఎక్కువ అయిన రెండు సంఖ్యల లబ్ధము వచ్చును. కనుక మన సంఖ్య 4294967295, 4294967297ల లబ్ధము. మొదటిదానిని మరల మరల అట్లే చీల్చగా 3, 5, 17, 257, 65537 లభించును. ఇవన్నియు ప్రధాన సంఖ్యలే.

మిగిలిన 4294967297 దగ్గరనే పెద్దవాడొకడు పొరబడినాడు. ఈ వరుసలోని సంఖ్యలన్నియు ప్రధానములని 1640లో ఫెర్మా నమ్మెను. 1732లో ఆయిలర్ దీనిని 641 భాగించునని చూపెను. ఎట్లన, 640 యొక్క నాల్గవ ఘాతమునుండి ఒకటి తీసివేసినచో 641 నిశ్శేషముగా భాగించును. 640 అనగా 5, 128ల లబ్ధము. కావున ఆ ఘాతము 625ను ఇరువది యెనిమిది మార్లు రెట్టించినదే. 625 స్థానమున 641 నుండి 16 తగ్గించి వ్రాయుడు. 641 ఉన్న భాగము తొలగిపోగా మిగులునది రుణ చిహ్నముతో 4294967297 మాత్రమే. దానిని సైతము 641 భాగింపక తప్పదు. భాగఫలము 6700417, ఇదియు ప్రధాన సంఖ్యయే.

ఇట్లు ఆ మహాసంఖ్య 3, 5, 17, 257, 641, 65537, 6700417 అను ఏడింటి లబ్ధమైనది. సరిచూచుకొనుటకు ఒక కాగితమును ఒక పెన్సిలును చాలును.