కుమ్మరి సారె

“కుమ్మరికి ఒక యేడు, గుదియకు ఒక పెట్టు” అను సామెతను తెలుగువా రెఱుగుదురు. ఏడాది పొడవున కుమ్మరి చేసిన పనిని దుడ్డుకఱ్ఱ ఒక్క దెబ్బతో నుగ్గు చేయగలదని దాని భావము. అట్టి దెబ్బ నేడు ఆ వృత్తికే తగులుచున్నది. కొట్టుచున్నది మన యుపేక్షయే.

ఈ కళ యొక్క ప్రాచీనతను గూర్చి సందేహింప బనిలేదు. 1924లో లోకమునకు వెల్లడియైన సింధునాగరకతకు చెందిన ఎఱ్ఱని కుండలపై నల్లరంగుతో వ్రాసిన రావియాకులును, నెమళ్లును గలవు. మన ప్రాంతమున రాకాసిగుళ్లని ప్రజలు పిలుచు పురాతన సమాధులలో ఎఱుపు నలుపు కలిసిన పాత్రలు లభించినవి. గాలి సోకినచోట ఎఱుపును, సోకనిచోట నలుపును వచ్చునట్లు కాల్చు నేర్పరులు వానిని చేసిరి. రామకథను తేటతెలుగున రచించిన మొల్ల కుమ్మరికులమున జన్మించెనని ప్రతీతి.

కుమ్మరి చెఱువుమట్టిని దెచ్చి, రాళ్లేఱి, నానబెట్టి, కాళ్లతో త్రొక్కును. సారెపై ముద్ద నిలిపి, వ్రేళ్ల యొత్తిడిచేతనే కుండకు మెడయు మూతియు దిద్దును. సగ మారిన పిదప లోపల రాయి యుంచి, వెలుపల చెక్కతో తట్టి, అడుగును గుండ్రముగా సాగదీయును. ఆపై ఆవమున గాల్చును. అట్టి కడవగోడలోని సన్నని రంధ్రముల గుండ ఊరిన నీరు ఆవిరియగుచు వేడిని గొనిపోవును. లోని నీరు చల్లబడును. వేసవిలో మన దాహము దీర్చున దీ నేర్పే.

అయినను నేడు కుమ్మరి మనకు జ్ఞాపకము వచ్చుట ఎప్పుడు? పెండ్లికి ఐరేనికుండలు కావలసినపుడు, దీపావళికి ప్రమిదలు కావలసినపుడు, కడపటి యాత్రకు కుండ కావలసినపుడు. తక్కిన దినములలో ఆతని పొయ్యి యెట్లు వెలుగునో విచారించువా రరుదు. బోనము సైతము పలుచోట్ల ఇత్తడి బిందెకు మారినది.

ప్రభుత్వములు ఊరకున్నవని చెప్పజాలము. 2004లో నాటి రైల్వే మంత్రి లాలూప్రసాద్ యాదవ్ స్టేషన్లలో తేనీటికి మట్టిపాత్రలను ప్రవేశపెట్టిరి. ఆ యేర్పాటు క్రమముగా సన్నగిల్లినది. 2018లో ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ విద్యుత్తుతో తిరుగు సారెలను పంచ మొదలిడినది. 2022 జూలై 1 నుండి ఒక్కసారి వాడి పాఱవేయు ప్లాస్టిక్కు కప్పులు నిషిద్ధములైనవి. ఇవి మంచి పనులే. కాని సారె యిచ్చినంతమాత్రమున మట్టి రాదు. మట్టి దొరకినంతమాత్రమున కొనువాడు రాడు. చెఱువులు పూడ్చి యిండ్లు కట్టినచోట కుమ్మరి మట్టిని దూరమునుండి వెలపెట్టి తెచ్చుకొనవలసి వచ్చుచున్నది.

కావున పంచాయతీలు పూడిక తీయించునపుడు కుండలకు దగిన మట్టిని ముందుగా కుమ్మరులకు విడువవలెను. దేవాలయములును, సత్రములును, కార్యాలయములును మట్టిపాత్రలను నియమముగా కొనవలెను. గృహస్థునకు వేసవి కొక కడవయు, పెరుగున కొక ముంతయు భారము కావు. ప్రదర్శనశాలలోని పగిలిన పెంకును జూచి గర్వించి, వీథిలో కుండలతో నిలిచినవానిని ఉత్తచేతులతో మరలించుట వారసత్వరక్షణ యనిపించుకొనదు. సారె తిరుగుచుండవలెనన్న, ఆవమునుండి తీసిన కుండ మన యింటికి రావలెను.