ముందు కారణం.. తర్వాతే స్క్రూడ్రైవర్‌!

వాషింగ్‌ మెషీన్‌ నీళ్లు వదలట్లేదు. మెకానిక్‌ వచ్చాడు. స్క్రూ కూడా విప్పకుండానే ‘బోర్డు పోయింది’ అన్నాడు. కొత్తదానికి వేలల్లో చెప్పాడు. తీరా ఇంకొకరిని పిలిచి చూపిస్తే.. కింద ఫిల్టర్‌లో ఓ రూపాయి బిళ్ల, రెండు పిన్నీసులు! ఇలాంటిది మీ ఇంట్లోనో, పక్కింట్లోనో జరిగే ఉంటుంది. లోపం ఎక్కడుందో కనిపెట్టలేనివాళ్లు చివరికి ఖరీదైన పార్టే మార్చేస్తారు. కనిపెట్టగలిగినవాళ్ల నంబరు మాత్రం కాలనీలో ఒకరి నుంచి ఒకరికి వెళ్తూనే ఉంటుంది. గృహోపకరణాల రిపేరును కెరియర్‌గా ఎంచుకోవాలనుకుంటున్నారా? అయితే మొదట నేర్చుకోవాల్సింది ఈ కనిపెట్టడమే. దానికి ఏ కోర్సులోనో చేరేదాకా ఆగక్కర్లేదు. మీ వంటిల్లే తొలి ల్యాబ్‌.

అడగండి.. చూడండి.. వినండి

‘పని చేయట్లేదు’ అన్నది ఫిర్యాదే కానీ, లోపం కాదు. అందుకే ప్రశ్నలతో మొదలుపెట్టండి. అసలు ఆన్‌ కావట్లేదా, ఆన్‌ అయ్యాక మధ్యలో ఆగిపోతోందా? ఎప్పట్నుంచి? అంతకుముందు కరెంటు ఏమైనా పోయి వచ్చిందా? ఈ మధ్య ఇల్లు మారారా? శబ్దం, కాలిన వాసన వచ్చాయా? వీటికి వచ్చే జవాబులతోనే సగం దారి దొరుకుతుంది. ఇల్లు మారాక మెషీన్‌ గెంతుతోందంటే మోటారును అనుమానించే ముందు కింద కాళ్లు సమానంగా ఉన్నాయో లేదో చూడాలి. కొత్త ఫ్రంట్‌ లోడ్‌ మెషీన్‌ అయితే రవాణా కోసం వెనక బిగించిన బోల్టులు తీశారా అని అడగాలి.

ఆ తర్వాత బయటి నుంచి లోపలికి, చౌక పార్టు నుంచి ఖరీదైన పార్టుకు వెళ్లండి. ముందు సాకెట్‌, ప్లగ్‌, వైరు. ఆపై ఫిల్టర్‌, పైపు, స్విచ్‌. మోటారు, బోర్డు చివర్లోనే!

ర్యాకే కదా.. అనుకోవద్దు

ఫ్రిజ్‌ తలుపులోని బాటిల్‌ ర్యాక్‌ విరిగితే చాలా ఇళ్లలో టేప్‌ చుట్టేస్తారు. వారం తిరక్కుండానే సీసాలతో సహా కింద పడుతుంది. ఇక్కడా మొదటి ప్రశ్న ‘ఎందుకు విరిగింది?’ అనే. రెండు లీటర్ల బాటిళ్లన్నీ ఒకే అరలో కుక్కుతుంటే కొత్త ర్యాక్‌ కూడా ఎన్నాళ్లో ఉండదు. ఇంకో విషయం.. ర్యాక్‌ను పట్టి ఉంచే కొక్కేలు తలుపు లోపలి ప్లాస్టిక్‌కే ఉంటాయి. అవి విరిగి ఉంటే ర్యాక్‌ మార్చి లాభం లేదు. కొనేముందే వేలితో తడిమి చూడండి.

పార్టు కోసం షాపుకెళ్లి ‘డబుల్‌ డోర్‌ ఫ్రిజ్‌దండీ’ అంటే సరిపోదు. ఒకే కంపెనీ, ఒకే సైజు అయినా మోడల్‌ మారితే కొలత మారిపోవచ్చు. ఫ్రిజ్‌ లోపలి గోడ మీదో, వెనకో ఉండే స్టిక్కర్‌పై మోడల్‌ నంబరు ఉంటుంది. దాన్ని ఫొటో తీసుకోండి. విరిగిన ముక్కను వెంట తీసుకెళ్లండి.

గాజు అర పగిలితే మామూలు అద్దం కోయించి పెట్టొద్దు. పగిలితే కత్తుల్లాంటి ముక్కలవుతుంది. అక్కడ ఉండాల్సింది టఫెన్డ్‌ గాజు. కడిగేటప్పుడూ జాగ్రత్త. చల్లటి అరను తీసిన వెంటనే వేడినీళ్లు పోస్తే పగిలిపోవచ్చు. డిష్‌వాషర్‌ బుట్టల తీరు వేరు. తీగల మీది పూత లేచిపోతే తుప్పు మొదలవుతుంది, అది గిన్నెలకు అంటుతుంది. చిన్నగా లేచినప్పుడే దానికి తగిన పూత వేస్తే బుట్ట నిలుస్తుంది. చక్రం విరిగితే, ఆ మోడల్‌కు చక్రం విడిగా దొరుకుతుందేమో అడిగాకే బుట్ట మొత్తం మార్చడం గురించి ఆలోచించాలి.

ఈ వారమే మొదలుపెట్టండి

• ఫ్రిజ్‌ చల్లబడట్లేదా? తలుపు మధ్య కాగితం పెట్టి మూసి లాగండి. సులువుగా వచ్చేస్తే రబ్బరు గ్యాస్కెట్‌ పట్టు వదిలినట్టే. చుట్టూ నాలుగైదు చోట్ల చూడండి. ఒక్కోసారి మురికి తుడిస్తేనే మళ్లీ పట్టేస్తుంది.

• కూరగాయల డబ్బా కింద నీళ్లు నిలుస్తున్నాయా? చాలా ఫ్రిజ్‌లలో వెనక గోడ కింద చిన్న రంధ్రం ఉంటుంది. అది మూసుకుపోయిందేమో చూడండి. ప్లగ్‌ తీసి, కాసిన్ని గోరువెచ్చని నీళ్లు మెల్లగా పోస్తే తరచూ తెరుచుకుంటుంది.

• మిక్సీ ఉన్నట్టుండి ఆగిపోయిందా? అడుగున ఉండే ఓవర్‌లోడ్‌ బటన్‌ బయటికి వచ్చి ఉండొచ్చు. చల్లారాక నొక్కండి. మోటారు తిరుగుతున్నా బ్లేడు తిరగకపోతే కప్లర్‌ అరిగిందేమో చూడండి. కొన్నింటిలో దాని మర ఉల్టా ఉంటుంది. బలం పెట్టే ముందు గమనించుకోండి.

• వాషింగ్‌ మెషీన్‌లోకి నీళ్లు సన్నగా వస్తున్నాయా? పైపు తగిలించే చోట చిన్న జాలీ ఉంటుంది. బోరు నీళ్లు వాడే ఇళ్లలో అందులో ఇసుక, ఉప్పు పేరుకుంటాయి. కుళాయి కట్టేసి, పైపు విప్పి, జాలీని కడగండి.

• సీలింగ్‌ ఫ్యాన్‌ నెమ్మదించిందా? కెపాసిటర్‌ బలహీనపడి ఉండొచ్చు. మెకానిక్‌లు దీన్నే కండెన్సర్‌ అంటారు. దానిమీద రాసిన విలువ ఎంతుందో కొత్తదీ అంతే ఉండాలి. మొదటిసారి మాత్రం పని తెలిసినవాళ్లను పక్కన ఉంచుకునే చేయండి.

ఇక్కడ ఆగండి

మన ఇళ్లలోకి వచ్చేది 230 వోల్టుల కరెంటు. స్విచ్‌ ఆపితే చాలదు, ప్లగ్‌ పీకాలి. ఫ్యాన్‌లాంటివైతే మెయిన్‌ ఆపాలి. ప్లగ్‌ తీశాక కూడా కెపాసిటర్‌లో కరెంటు నిల్వ ఉంటుందని మరవొద్దు. మైక్రోవేవ్‌ ఒవెన్‌ జోలికి శిక్షణ లేకుండా అస్సలు వెళ్లొద్దు. దాని లోపల వేల వోల్టులు పుడతాయి. ఫ్రీజర్‌లో గడ్డకట్టిన మంచును కత్తితో గీకడం ఇంకో పొరపాటు. లోపలి గొట్టానికి చిల్లు పడితే గ్యాస్‌ పోతుంది. కొత్త ఫ్రిజ్‌లలో ఎక్కువగా వాడే ఆర్‌600ఎ గ్యాస్‌కు మంట అంటుకుంటుంది. గ్యాస్‌ పని నేర్చుకున్నవాళ్లే చేయాలి. వారంటీలో ఉన్న వస్తువునూ మీరు విప్పొద్దు.

శిక్షణ ఎక్కడ?

పదో తరగతి పాసైతే ఐటీఐలో రెండేళ్ల ఎలక్ట్రీషియన్‌, రిఫ్రిజిరేషన్‌ అండ్‌ ఎయిర్‌ కండిషనింగ్‌ టెక్నీషియన్‌ ట్రేడ్‌లు ఉన్నాయి. పూర్తయ్యాక అప్రెంటిస్‌షిప్‌ చేస్తే స్టైపెండ్‌ అందుకుంటూ పని నేర్చుకోవచ్చు. తక్కువ కాలంలో నేర్చుకోవాలంటే ఎలక్ట్రానిక్స్‌ రంగ స్కిల్‌ కౌన్సిల్‌ రూపొందించిన ఫీల్డ్‌ టెక్నీషియన్‌ కోర్సులున్నాయి. చేరేముందు ఒక్కటి అడగండి.. రోజుకు ఎన్ని గంటలు చేతులతో పని చేయిస్తారు? వీడియోలు చూపించి సర్టిఫికెట్‌ ఇచ్చేచోట ఫీజు దండగ.

విడి భాగాలు, మాన్యువల్‌ల సమాచారం కోసం కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో ‘రైట్‌ టు రిపేర్‌’ పోర్టల్‌ తెచ్చింది. గృహోపకరణాలూ అందులో ఉన్నాయి. ఎక్కడి నుంచి పార్టు తేవాలో తెలియనప్పుడు ఓసారి చూడండి.

రెండు అలవాట్లు ఇప్పుడే చేసుకోండి. ఒకటి, మార్చిన పాత పార్టును ఇంటివాళ్ల చేతికిచ్చి, ఏం పాడైందో చూపించండి. ఫిల్టర్‌ కడిగితే సరిపోయినచోట ఫిల్టర్‌ కడిగిన డబ్బులే తీసుకోండి. ఆ ఇంటివాళ్లు ఏసీ పాడైనా మిమ్మల్నే పిలుస్తారు. రెండోది, ఓ నోట్‌బుక్‌ పెట్టండి. ఏం ఫిర్యాదు, ఏం అనుకున్నారు, చివరికి ఏం తేలింది.. మూడే గడులు. మీ అంచనా తప్పినవి కూడా రాయండి, ఎక్కువ నేర్పేది అవే. ఆదివారం కాగితం ముక్క తీసుకుని మీ ఫ్రిజ్‌ తలుపు దగ్గరికి వెళ్లండి. మొదటి పేజీ దాంతోనే రాయొచ్చు.