కాంగ్రా లోయ, ఉప్పులోని అయొడిన్

మానవ శరీరంలోని అయొడిన్‌నంతటినీ ఒకచోట చేర్చినా 15, 20 మిల్లీగ్రాములకు మించదు. వయోజనులకు రోజుకు కావలసినది 150 మైక్రోగ్రాములు. ఒక జీవితకాలానికి సరిపడే అయొడిన్‌తో చిన్న చెంచా అయినా నిండదు. ఇంత స్వల్పమైన పదార్థం కొరవడినందువల్లనే హిమాలయ సానువులలో తరతరాలుగా ప్రజల మెడలు ఉబ్బి, గళగండం ఏర్పడుతూ వచ్చింది. హిందీ ప్రాంతాలలో దీనిని ‘ఘేంఘా’ అంటారు. కాశ్మీరం నుంచి నాగా కొండల వరకు సుమారు 2,400 కిలోమీటర్ల పొడవున ఈ వ్యాధి విస్తరించి ఉండేది.

కొండప్రాంతాలకే ఈ బెడద ఎక్కువగా ఉండటానికి కారణం ఉంది. హిమానీనదాలు, వర్షాలు, వరదలు నేలలోని అయొడిన్‌ను యుగాలుగా కడిగి సముద్రంలో కలిపాయి. నేలలో లేనిది పంటలో ఉండదు. పంటలో లేనిది పాలలోకి రాదు. ఎంత కడుపునిండా తిన్నా ఆ లోటు తీరదు. నదులు వరదలెత్తే మైదానాలలోని కొన్ని జిల్లాలకు కూడా ఈ వ్యాధి కొత్త కాదు.

ఆహారంలోని అయొడిన్ జీర్ణాశయంలోను, చిన్న ప్రేగులలోను రక్తంలో కలుస్తుంది. మెడ ముందుభాగంలో సీతాకోకచిలుక ఆకారంలో ఉండే థైరాయిడ్ గ్రంథి దానిని పట్టుకొని, రక్తంలో ఉన్న సాంద్రతకు ఇరవై రెట్లకు పైగా తనలో కూడబెట్టుకుంటుంది. అక్కడ అది టైరోసిన్ అనే అమినో ఆమ్లంతో కలిసి హార్మోనుగా మారుతుంది. నాలుగు అయొడిన్ పరమాణువులు గలది థైరాక్సిన్. కాలేయంలోను, ఇతర కణజాలాలలోను అందులో నుంచి ఒక పరమాణువు తొలగినప్పుడే అసలు చురుకైన హార్మోను సిద్ధమవుతుంది. దేహంలోని కణాలు ఎంత వేగంగా శక్తిని వినియోగించాలో, ఎంత వేడి పుట్టించాలో నిర్ణయించేది ఈ హార్మోనే. అన్నంలోని పిండిపదార్థాన్ని, నెయ్యిలోని కొవ్వును దేహం ఎంత చురుకుగా వాడుకోవాలన్నది కూడా కొంతవరకు దీని అదుపులోనే ఉంటుంది. విడుదలైన అయొడిన్‌లో కొంత మళ్లీ గ్రంథికి చేరుతుంది. మిగిలినది మూత్రంలో పోతుంది. మూత్రపిండాలకు దానిని పొదుపు చేసే నేర్పు లేదు. గ్రంథిలోని నిల్వ రెండు మూడు నెలలకు మించి రాదు.

రాబడి తగ్గితే థైరాక్సిన్ తగ్గుతుంది. మెదడు అడుగున ఉన్న పీయూష గ్రంథి దీనిని గుర్తించి థైరాయిడ్‌ను మరింత పనిచేయమని ప్రేరేపిస్తుంది. దొరికిన ప్రతి అణువును పట్టుకొనే ప్రయత్నంలో గ్రంథి కణాలు వృద్ధి చెందుతాయి, మెడ ఉబ్బుతుంది. కాబట్టి గళగండాన్ని మొదట రోగంగా కాక, లేమికి తట్టుకోవడానికి దేహం చేసే సర్దుబాటుగా చూడాలి. అయితే ఆ సర్దుబాటు ఏళ్ల తరబడి సాగితే గ్రంథిలో గడ్డలు ఏర్పడి, ఆపైన అయొడిన్ అందినా అవి కరగవు. అంతకంటె పెద్ద నష్టం కంటికి కనిపించదు. గర్భంలోని శిశువు మెదడు ఎదుగుదలకు తల్లి థైరాక్సిన్ అవసరం. అది చాలనప్పుడు పుట్టిన బిడ్డలలో కొందరు చెవిటి మూగలుగా, బుద్ధిమాంద్యంతో మిగిలిపోతారు. ఆ లోటును తరువాత ఏ మందూ తీర్చలేదు.

శ్రీకాకుళంలో 1921లో జన్మించి, విశాఖపట్నంలోని ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి, తన సహచరులతో కలిసి 1956లో కాంగ్రా లోయలో ఒక ప్రయోగం ప్రారంభించారు. నేడు హిమాచల్ ప్రదేశ్‌లో ఉన్న ఆ లోయలో లక్షకు పైగా జనాభా గల ప్రాంతాన్ని మూడు మండలాలుగా విభజించారు. ఒక మండలానికి పొటాషియం అయొడైడ్, మరొకదానికి పొటాషియం అయొడేట్ కలిపిన ఉప్పును సరఫరా చేశారు. మూడవదానికి మామూలు ఉప్పే అందింది. రేడియోధార్మిక అయొడిన్‌తో జరిపిన పరీక్షలలో అక్కడి రోగుల గ్రంథులు దానిని అత్యాశతో లాగుకోవడం కనిపించింది. మూత్రంలో మాత్రం అయొడిన్ అతి స్వల్పం. కొద్ది సంవత్సరాలకే అయొడిన్ ఉప్పు వాడిన రెండు మండలాలలోను గళగండం గణనీయంగా తగ్గింది. మూడవదానిలో అలాగే ఉండిపోయింది. ఆ మూడవ మండల ప్రజలు అన్నేళ్లు వేచి ఉండవలసి రావడం నేటి పాఠకుని మనసుకు కొంత కష్టం కలిగించే విషయమే; 1962 తరువాత వారికి కూడా అయొడిన్ ఉప్పు అందింది.

అదే 1962లో జాతీయ గళగండ నివారణ కార్యక్రమం మొదలయింది. మందుబిళ్లను కాక ఉప్పును ఎంచుకోవడంలో ఔచిత్యముంది: ధనికుడైనా, పేదవాడైనా ప్రతిదినం ఇంచుమించు ఒకే పరిమాణంలో తినేది ఉప్పు. గుజరాత్ తీరంలో పండిన ఉప్పు రైలుపెట్టెలలో హిమాలయాల పాదాలకు చేరుతుంది. కొండలు కోల్పోయిన అయొడిన్‌ను ఆ ఉప్పులో కలిపి పంపడమే ఈ ఉపాయం. తినే ఉప్పులో అయొడిన్ ఉండాలన్న నిబంధన 2000లో సడలి, 2006లో తిరిగి అమలుకు వచ్చింది. తయారీ దశలో కిలో ఉప్పుకు 30 మిల్లీగ్రాములు, వినియోగదారునికి చేరేసరికి కనీసం 15 మిల్లీగ్రాములు ఉండాలి. తేమకు, ఎండకు దారిలో కొంత నశిస్తుందనే ఈ తేడా; తేమగాలికి అయొడైడ్ కంటె అయొడేట్ బాగా నిలుస్తుంది గనుకనే మన దేశంలో దానినే కలుపుతున్నారు.