మగ్గానికి సెలవు, సముద్రానికి పోటు

బండారులంక: నేత చీరలకు పేరుపడిన ఈ గ్రామంలో మగ్గం చప్పుడు వినపడని రోజు అమావాస్య. ఆ రోజు నాడె పట్టకపోవడం చాలా నేత కుటుంబాలలో తాతల నాటి నుంచి వస్తున్న ఆనవాయితీ. మగ్గాలు ఒకప్పటి కంటె తగ్గిపోయినా ఆనవాయితీ పూర్తిగా పోలేదు. రోజంతా గుంటలో కాళ్ళు దించి, వంగి కూర్చునే మనిషికి ఆ ఒక్క పూటయినా చల్లగాలికి తిరగాలనిపించడం సహజం. పిల్లలయితే సముద్రం చూపించమని ముందు రోజు నుంచే గొడవ మొదలుపెడతారు.

సముద్రం ఎంతో దూరం లేదు. అమలాపురం మీదుగా అల్లవరం మండలంలోని ఓడలరేవుకు సుమారు పాతిక కిలోమీటర్లు. పులిహోర, పెరుగన్నం కట్టుకుని పొద్దున్నే ఆటో మాట్లాడుకుంటే దీపాలవేళకు ఇల్లు చేరవచ్చు. కొబ్బరి తోటలు, చేపల చెరువులు దాటి సరుగుడు తోటల్లోకి వచ్చేసరికి హోరు వినపడుతుంది. పైసా టిక్కెట్టు లేని వినోదం ఇది. అయితే ఇందులో ఒక చిక్కు వున్నది. నేతగాడికి తీరిక దొరికే రోజే సముద్రానికి పొంగు ఎక్కువ.

నీరు ఒడ్డుకు ఎక్కడాన్ని పోటు అనీ, వెనక్కు దిగడాన్ని పాటు అనీ తీర గ్రామాలలో అంటారు. మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. చంద్రుడు, సూర్యుడు ఒకే వరుసలోకి వచ్చే అమావాస్య, పున్నములలో ఇద్దరి లాగుడూ కలిసి నీరు బాగా పైకి ఎక్కుతుంది, అంతే లోతుకు దిగుతుంది. ఆ తరువాత ఒకటి రెండు రోజులు కూడా ఆ జోరు వుంటుంది. ఆ రోజుల్లో ఎక్కుడు దిగుళ్ళ తేడా మీటరు దాటుతుంది. మీటరు అంటే పెద్ద లెక్క కాదనిపించవచ్చు. కాని మన ఇసుక తీరం పళ్ళెంలా చదునుగా వుంటుంది కనుక నిలువునా మీటరు దిగిన నీరు అడ్డంగా ఎన్నో బారలు వెనక్కు పోతుంది. వచ్చేటప్పుడూ అంతే. అష్టమి ప్రాంతంలో ఈ తేడా బాగా తగ్గుతుంది.

వేళ తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కరలేదు, పంచాంగం చాలు. కాకినాడ, విశాఖ తీరాలలో అమావాస్య, పున్నమి రోజులలో ఉదయం సుమారు తొమ్మిది గంటల ప్రాంతంలో నిండు పోటు. మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో అడుగు పాటు. మళ్ళీ రాత్రి తొమ్మిదికి పోటు. అక్కడి నుంచి తిథికి రెండు ఘడియల చొప్పున, అంటే రోజుకు సుమారు 48 నిమిషాలు, ఆలస్యమవుతూ పోతుంది. ఈ లెక్కన అష్టమి నాటికి తారుమారై ఉదయం తొమ్మిదికే పాటు వస్తుంది. గాలివాటాన్ని బట్టి, ఏటిమొగ దగ్గరా దూరాన్ని బట్టి కొంత అటూ ఇటూ అవుతుంది. వలలు లాగేవారికి ఇదంతా నోటి లెక్కే. నాలుగు ఊళ్ళ అవతల నుంచి వినోదానికి వచ్చేవారికే తెలియదు.

అమావాస్య నాడు ఓడలరేవులో ఉదయం పూట చూస్తే అలలు చాలా పైకి వచ్చి వుంటాయి, నడిచేందుకు జాగా తక్కువ. వచ్చినవారు నిరాశపడి చెట్ల నీడన కూర్చుంటారు. భోజనాలయ్యేసరికి నీరు తీసి, తడి ఇసుక మైదానంలా బయటపడుతుంది. ఆ మైదానం సమతలంగా వుండదు. ఒడ్డుకు సమాంతరంగా ఒక పల్లం, దాని అవతల సముద్రం వైపు ఒక ఇసుక మిట్ట, కొన్నిచోట్ల మళ్ళీ ఒక పల్లం. పల్లాలలో మోకాటి లోతో, అంతకు తక్కువో నీరు నిలిచి మడుగులు కడతాయి. వాటిలో వేలెడంత చేపపిల్లలు, రొయ్యపిల్లలు, గవ్వను ఇల్లుగా మోసుకుని నడిచే చిన్న పీతలు కనపడతాయి. మనిషి అడుగు చప్పుడయితే ఎర్ర పీతలు ఒక్క పరుగున కన్నాల్లో దూరతాయి. అవి కన్నం తవ్వి బయట పోసిన ఇసుక ఉండలు దగ్గరగా చూస్తే ముగ్గు చుక్కల్లా వుంటాయి. పిల్లలకు ఇంతకంటె ఏం కావాలి? గంటల తరబడి అక్కడే వుంటారు.

ప్రమాదం వచ్చేది ఇక్కడే. మూడు గంటలు దాటాక పోటు తిరిగినప్పుడు నీరు ముందు నుంచి వస్తుందని అందరూ అనుకుంటారు. సముద్రం వైపు మిట్ట మీద ఆడుకుంటున్నవారికి ఎదుట అలలు ఇంకా దూరంగానే కనపడతాయి. కాని మిట్టకు అక్కడక్కడ వున్న గండ్ల గుండా నీరు వెనక పల్లంలోకి ముందుగా చేరుతుంది. తాము నిలుచున్న చోటు పొడిగానే వుంటుంది, వచ్చిన దారి మాత్రం మునుగుతుంది. మధ్యాహ్నం పిల్లలు చేపలు పట్టిన మోకాటి లోతు మడుగు సాయంత్రం అయిదు దాటేసరికి పెద్దవాళ్ళకు నడుము దాకా రావచ్చు. లోతు ఒక్కటే అయితే ఫరవాలేదు, నీటికి ఊపు కూడా వుంటుంది. అందుచేత మిట్ట మీదకు వెళ్ళినవారు ముందు వైపు కాక వెనక వైపు పల్లాన్ని చూసుకుంటూ వుండాలి. అక్కడ నీరు పారడం మొదలయితే ఇక ఆట కట్టిపెట్టవలసిందే. మూడున్నరకల్లా పిల్లలను ఒడ్డు వైపు తెచ్చుకుంటే మంచిది.

ఓడలరేవు దగ్గర మరొక సంగతి వున్నది. వైనతేయ గోదావరి సముద్రంలో కలిసేది ఆ పక్కనే. పాటు వేళ ఏటి నీరూ, వెనక్కు తీసే సముద్రపు నీరూ కలిసి మొగ గుండా బయటకు లాగుతాయి. అమావాస్య, పున్నములలో ఉదయం తొమ్మిది దాటాక ఈ లాగుడు క్రమంగా పెరుగుతుంది. స్నానాలకు జనం దిగేది సరిగ్గా ఆ వేళకే! ఏటిమొగకు దూరంగా స్నానం చేయడం ఒక్కటే దీనికి ఉపాయం. అలల మధ్య ఒకచోట నురుగు లేకుండా నీరు నున్నగా కనపడితే అది మంచి చోటని దిగేవారు వున్నారు. చాలాసార్లు అదే లోపలికి లాగే పాయ. అందులో చిక్కినవారు ఒడ్డుకు ఎదురీదితే అలసిపోతారు. ఒడ్డు వెంబడి పక్కకు ఈదితే పాయ దాటి అలల మీదుగా బయటపడవచ్చు. ఈత రానివారు మోకాళ్ళ లోతు దాటకపోవడం మేలు. ఏటా ఏదో ఒక రేవులో కుర్రవాళ్ళు కొట్టుకుపోయిన వార్త రాస్తూనే వున్నాము, చదువుతూనే వున్నాము.

సముద్ర స్నానాల పర్వాలు కూడా పొంగు రోజులకే వస్తాయి. కార్తీక పున్నమి అంతే. అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామి చక్రస్నానం మాఘ పున్నమి నాడు. కాకినాడ దగ్గర చొల్లంగి స్నానం పుష్య అమావాస్య నాడు. అసలు సముద్ర తీరం వెంట నడక మన ప్రాంతానికి కొత్త కాదు. చొల్లంగి అమావాస్య నాడు తుల్యభాగ మొగలో మునిగి, కోరంగి దగ్గర ఆత్రేయ, ఆ తరువాత మిగిలిన పాయలు ఒక్కొక్కటే దాటుకుంటూ భీష్మ ఏకాదశికి అంతర్వేదిలో వశిష్ట సంగమానికి చేరడం సప్తసాగర యాత్ర. ఏడు మొగలు, పదకొండు రోజులు. వంతెనలు లేని రోజుల్లో నడకా, పడవా, పంటూ తప్ప మార్గం లేదు. పాయ దాటాలంటే పోటు పాటు చూసుకోవలసిందే కనుక ఆ యాత్రికులకు నీటి వేళలు తెలిసి వుండేవి. మన ఓడలరేవు పక్కనున్న వైనతేయ మాత్రం ఆ ఏడింటి లెక్కలోకి రాదు. అన్నట్టు, ఆ మొగకు సమీపంలోని బెండమూర్లంకలో 18వ శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీవారి వర్తక స్థావరం వుండేది. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ దానిని పట్టుకున్నాడు. కంపెనీవారు ఈ తీరంలో ముఖ్యంగా కొన్నది నేత బట్టే.

ఇప్పుడు కోరంగికి పంటు ఎక్కనవసరం లేదు. అమలాపురం, ముమ్మిడివరం మీదుగా ఎదుర్లంక చేరి, లోక్‌సభ మాజీ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి పేరిట వున్న వారధి మీద గౌతమి దాటితే యానాం. ఆపైన తాళ్ళరేవు, కోరంగి. సముద్రం అంటే భయపడే వృద్ధులకు, చంటిపిల్లల తల్లులకు ఈ చోటు బాగుంటుంది. ఇక్కడి మడ అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. బురదలో అడుగు పెట్టకుండా అడవి లోపలికి నడిచేందుకు అటవీశాఖవారు చెక్క వంతెన కట్టించారు.

ఆ వంతెన మీద పాటు వేళ నడవాలి. పోటప్పుడు చెట్ల మొదళ్ళు నీటిలో వుండి పచ్చదనం తప్ప మరేమీ కనపడదు. నీరు తీశాక బురదలో నుంచి మేకులు పాతినట్టు పైకి లేచిన మడ చెట్ల ఊపిరి వేళ్ళు బయటపడతాయి. నీట మునిగే నేలలో వేళ్ళకు గాలి ఆడదు కనుక చెట్టు వాటిని పైకి పంపి గాలి పీల్చుకుంటుంది. బురద మీద రెక్కలతో పాకుతూ గెంతే చిన్న చేపలు, ఒక డెక్క ఒంటికి మించి పెరిగి దానిని చేయి ఊపినట్టు ఊపే పీతలు పిల్లలను కదలనివ్వవు. బావురు పిల్లి, నీటి కుక్క కూడా ఈ అడవిలోనే వుంటాయి, పగటిపూట కనపడటం అదృష్టం. పడవ ఎక్కాలనుకునేవారికి మాత్రం లెక్క తిరగబడుతుంది. కాలువలో తగినంత నీరు వుంటేనే పడవ నడుస్తుంది. వంతెనకు పాటు, పడవకు పోటు. రెండూ కావాలంటే నీరు మారే వేళకు చేరి నాలుగు గంటలు అక్కడ వుండాలి.

ఇదే కోరంగి ఒకనాటి పెద్ద రేవు. బర్మా వెళ్ళిన తెలుగువారిని అక్కడ కోరంగీలని పిలిచింది ఈ రేవు పేరు మీదనే. 1839 నవంబరు ఉప్పెనలో రేవు నాశనమయింది. 1996 నవంబరు 6 రాత్రి తుఫానును కళ్ళారా చూసినవారు ఇక్కడ ఇంటింటా వున్నారు. నేల మీది కొబ్బరి చెట్లను ఆ గాలి ఏం చేసిందో కోనసీమకు చెప్పనక్కరలేదు. దట్టమైన మడ అడవి ఒడ్డుకు వచ్చే అలల ఊపును తగ్గిస్తుంది. చెక్క వంతెన మీద నిలబడి చూస్తే ఆ వేళ్ళ అల్లిక ఎంత బలమైనదో తెలుస్తుంది.

రాతి గుంటల్లో నిలిచే సముద్రం చూడాలంటే మాత్రం విశాఖ వెళ్ళవలసిందే. కోనసీమ అంతా గోదావరి తెచ్చిపోసిన వండ్రు. లంక అని పేరున్న మన ఊరిలో ఎంత తవ్వినా బండ తగలదు, ఇంటి పునాదికి రాయి కూడా బయట నుంచి రావలసిందే. విశాఖలో కొండలు సముద్రంలోకి దిగి వుంటాయి. స్వాతంత్ర్య యోధుడు తెన్నేటి విశ్వనాథం పేరు పెట్టిన తెన్నేటి పార్కు దిగువన, ఋషికొండ వైపు, మంగమారిపేటలో సహజంగా ఏర్పడిన రాతి తోరణం దగ్గర పాటు వేళ బండల మధ్య అద్దంలాంటి నీటి గుంటలు మిగులుతాయి. వాటిలో పువ్వులా విచ్చుకుని, వేలు తగిలితే ముడుచుకునే జీవులు, ముళ్ళ బంతుల్లాంటివి, బండకు అతుక్కున్న నత్తలు, ఆల్చిప్పలు కనపడతాయి. ఆస్పత్రి పని మీదో, పిల్లల చదువు కోసమో విశాఖ వెళ్ళేవారు మనలో ఎందరో. మధ్యలో ఒక పూట మిగిలితే అక్కడికి వెళ్ళవచ్చు. చెప్పులు విప్పరాదు. నాచు జారుతుంది, ఆల్చిప్ప అంచు బ్లేడులా కోస్తుంది. రాయి ఎత్తి చూసినవారు దానిని మళ్ళీ అలాగే బోర్లించి పెట్టాలి, కింద కాపురమున్న జీవులు ఎండకు చస్తాయి.

మన తీరానికి రాయి లేకపోవడం మరో విధంగా కూడా లోటే. పైన ఆనకట్టలు, జలాశయాలు వచ్చాక గోదావరి సముద్రానికి చేర్చే వండ్రు తగ్గింది. తెచ్చి పోసేది తగ్గితే సముద్రం కోసుకుపోయేది పైచేయి అవుతుంది. ఉప్పాడలో ఊరు ఎంత లోపలికి జరగవలసి వచ్చిందో అందరికీ తెలిసిందే. అంతర్వేది తీరంలోనూ కోత కనపడుతున్నది. ఇసుక దిబ్బలు, వాటి మీద అల్లుకున్న తీగలు, సరుగుడు చెట్లు ఈ కోతకు కొంత అడ్డు. దిబ్బల మీదకు మోటారు సైకిళ్ళు ఎక్కించడం, తీగలు పీకి పొయ్యి వెలిగించడం వినోదం కాదు. జనవరి నుంచి మార్చి వరకు సముద్రపు తాబేళ్ళు రాత్రిళ్ళు ఒడ్డెక్కి ఆ ఇసుకలోనే గుడ్లు పెడతాయి. వాటిని కదపడం 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం కింద నేరం.

ఇక అధికారులు చేయదగిన చిన్న పని ఒకటి వున్నది. పోటు పాటు వేళల పట్టికలు ఏడాదికి ముందే అచ్చవుతున్నాయి. అలల హెచ్చరికలు హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఏ రోజుకారోజు ఇస్తున్నది. ఓడలరేవు, ఎస్.యానాం, అంతర్వేది రేవులలో ఒక నల్లబల్ల నిలబెట్టి, ఆనాటి పోటు ఎన్నింటికి, పాటు ఎన్నింటికి అని తెలుగులో సుద్దముక్కతో రాయించడానికి ఎంత ఖర్చవుతుంది? ఆ పంచాయతీలు తలచుకుంటే వచ్చే అమావాస్యకే అది జరుగుతుంది. అంతవరకు ఇక్కడి నుంచి ఆటో ఎక్కేవారు పంచాంగం చూసుకుని, నిండు పోటు దాటాక బయలుదేరి, మధ్యాహ్నం మడుగులు చూపించి, పిల్లలను లెక్కపెట్టుకుని అయిదింటిలోగా సరుగుడు తోట దాటించాలి.