కార్ల కర్మాగారం పిలిచిన జనం: డియర్‌బోర్న్ నగరం

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్ మహానగరాన్ని ఆనుకొని డియర్‌బోర్న్ అనే నగరం ఉంది. 2020 జనగణన ప్రకారం అక్కడి జనాభా 1,09,976. మన లెక్కలో అది ఒక మోస్తరు పట్టణం మాత్రమే. అయినా దాని పేరు తన పరిమాణానికి మించి వినబడుతూ ఉంటుంది. అమెరికాలో ముస్లింలంటే గిట్టనివారు అక్కడ షరీఅత్ పాలన సాగుతున్నదని ప్రచారం చేస్తారు. మనవారిలో కొందరు అదే పేరును గర్వంతో తలచుకొని, అమెరికా నడిబొడ్డున ముస్లిం రాజధాని వెలసిందని సంబరపడతారు. ఈ రెండు మాటలూ వాస్తవానికి దూరమైనవే. ఆ నగరాన్ని నిర్మించినది ప్రచారమూ కాదు, గర్వమూ కాదు. కూలి, ఇల్లు, బడి, న్యాయస్థానం అనే నాలుగింటి చుట్టూ దాని చరిత్ర తిరుగుతుంది.

మొదట కూలి సంగతి. హెన్రీ ఫోర్డ్ జన్మించినది ఈ ప్రాంతంలోనే. 1914 జనవరిలో ఆయన తన కర్మాగారంలో రోజుకు 8 గంటల పనికి 5 డాలర్ల వేతనాన్ని ప్రకటించాడు. అప్పటికి ఇస్తున్న కూలికి అది రెట్టింపుకు మించినది. ఆ వార్త సముద్రాలు దాటింది. ఉస్మానియా సామ్రాజ్యం చివరి రోజులలో సిరియా, లెబనాన్ ప్రాంతాల నుండి బయలుదేరిన యువకులు డెట్రాయిట్ దారి పట్టారు. వారిలో అధికులు క్రైస్తవులు, ముస్లింలు కొద్దిమంది. తొలి కర్మాగారం ఉన్న హైలాండ్ పార్క్‌లో 1921లోనే ఒక మస్జిద్ నిర్మించబడింది గాని, కొద్దికాలానికే అది మూతపడింది. అందుకు అంతఃకలహాలు కొంత కారణమైతే, పని అక్కడి నుండి తరలిపోవడం మరికొంత కారణం. పని ఎటు తరలితే జనమూ అటే తరలారు.

తరలినది డియర్‌బోర్న్‌లోని రూజ్ నది ఒడ్డుకు. 1917లో ఆరంభమై 1928 నాటికి పూర్తి రూపం దాల్చిన రూజ్ కర్మాగారం పొడవు ఒకటిన్నర మైళ్లు, వెడల్పు ఒక మైలు. ఒకవైపు ఓడలలో ఇనుప ఖనిజం దిగేది, మరొకవైపు తయారైన కారు బయటకు వచ్చేది. నడుమ ఉక్కు కొలిములు, అద్దాల తయారీ, సొంత విద్యుత్ కేంద్రం. 1930లలో లక్షకు పైగా మనుషులు అక్కడ పనిచేసేవారు. ఆ గేటుకు కూతవేటు దూరంలో, పొగగొట్టాల నీడలో, సౌత్ ఎండ్ అనే పేట వెలసింది. పొగ వలన అద్దెలు చవక. నడిచి పనికి వెళ్లవచ్చు. అరబ్ కార్మికులు అక్కడే స్థిరపడి, 1930ల చివరలో డిక్స్ అవెన్యూలో మస్జిద్ నిర్మించుకున్నారు. ఆ మస్జిద్ నేటికీ నిలిచి ఉంది.

ఇక ఇంటి సంగతి. ఇది కొంత చేదు అధ్యాయం. రూజ్‌లో వేలాది నల్లజాతి కార్మికులు చెమటోడ్చారు. కాని డియర్‌బోర్న్‌లో నివసించడానికి వారికి తావు లేకపోయింది. వారిలో అనేకులు పొరుగున ఉన్న ఇంక్‌స్టర్ పట్టణంలో కాపురం ఉండి పనికి వచ్చేవారు. 1942 నుండి 1978 వరకు మేయరుగా ఉన్న ఆర్విల్ హబ్బర్డ్ జాతి వివక్షను బాహాటంగా సమర్థించిన వ్యక్తి. చెమట స్వీకార్యం, పొరుగుదనం అస్వీకార్యం! 36 సంవత్సరాల పాటు ఓటర్లు ఆయననే ఎన్నుకుంటూ వచ్చారన్న సంగతిని కూడా మరువరాదు.

మరి అరబ్బులకు ఆ నగరంలో చోటు ఎలా దొరికింది? కాగితాల మీద వారు ‘తెల్లవారు’గా లెక్కించబడటం దీనికి ఒక కారణం. ఆ లెక్కకూ విచిత్రమైన చరిత్ర ఉంది. ఆ కాలపు చట్టం ప్రకారం పౌరసత్వం కోరే వలసదారుడు తెల్లజాతివాడో, ఆఫ్రికా సంతతివాడో అయి ఉండాలి. 1942లో యెమెన్ దేశస్థుడైన అహ్మద్ హసన్ పౌరసత్వం కోరగా, డెట్రాయిట్ ఫెడరల్ న్యాయస్థానం ఆయన తెల్లవాడు కాదని తిరస్కరించింది. రెండేళ్లకే, 1944లో, మసాచుసెట్స్‌లోని మరొక ఫెడరల్ న్యాయస్థానం ఒక అరబ్బును తెల్లవాడుగా అంగీకరించి పౌరసత్వం ఇచ్చింది. మనిషి రంగు మారలేదు, న్యాయమూర్తి మారాడు. 1952లో జాతి షరతునే చట్టం నుండి తొలగించారు. జనగణన పత్రంలో మాత్రం ‘తెల్లవారు’ అన్న ముద్ర అరబ్బులకు అలాగే మిగిలిపోయింది. ఒకనాడు కావాలన్నా దొరకని ఆ పేరు, తరువాతి తరానికి వద్దన్నా వదలలేదు.

కాగితం మీద తెల్లవారైనంత మాత్రాన సౌత్ ఎండ్ వాసులకు నిశ్చింత లభించలేదు. ఆ పేటను పడగొట్టి పరిశ్రమలకు కేటాయించాలని నగర పాలకులు సంకల్పించారు. ఒక్కొక్క ఇల్లే కొని కూల్చుతూ వచ్చారు. వందలాది ఇళ్లు నేలమట్టమయ్యాయి. మిగిలినవారు సంఘంగా ఏర్పడి న్యాయస్థానాన్ని ఆశ్రయించగా, 1973లో ఫెడరల్ న్యాయమూర్తి వారి పక్షాన తీర్పునిచ్చాడు. పేట నిలిచింది. ఇంగ్లీషు రాని కార్మికులకు సాయపడేందుకు 1971లో ఆ పేటలోనే పుట్టిన ‘యాక్సెస్’ అనే స్వచ్ఛంద సంస్థ నేడు అమెరికాలోని అరబ్ సంస్థలలో అతి పెద్దదిగా పేరుపొందింది. ముస్లింలు పరాయి దేశంలో తమ ఇళ్లు ఎలా కాపాడుకున్నారని అడిగేవారికి మేము ఈ ఉదంతాన్నే చెబుతాము. నినాదాల కన్నా ఇంటి దస్తావేజులు, వకీలు, ఓపిక వారికి ఎక్కువ ఉపయోగపడ్డాయి.

జనాభా లెక్కలు ఇక్కడే ఆసక్తికరంగా మారతాయి. 1960లో డియర్‌బోర్న్ జనాభా 1,12,007. కార్ల పరిశ్రమ కుంగిపోగా, పాత నివాసులు దూరపు శివారులకు తరలిపోగా, 1990 నాటికి అది 89,286కు పడిపోయింది. పక్కనే ఉన్న డెట్రాయిట్ గతి మరీ దారుణం. 1950లో పద్ధెనిమిదిన్నర లక్షలున్న ఆ మహానగరం 2020 నాటికి 6,39,111 మందితో మిగిలింది. డియర్‌బోర్న్ మాత్రం తిరిగి నిండింది. 1975లో మొదలైన లెబనాన్ అంతర్యుద్ధం దక్షిణాన ఉన్న బింత్ జుబైల్ వంటి ఊళ్లను ఖాళీ చేయించింది. 1991 యుద్ధం తరువాత ఇరాకీ శరణార్థులు వచ్చారు. యెమెన్ వారు 1960ల చివరి నుండి వస్తూనే ఉన్నారు. ముందు వచ్చినవాడు తమ్ముణ్ణి పిలిచాడు, తమ్ముడు బావమరిదిని పిలిచాడు. గల్ఫ్ వలసలు ఎరిగిన మన కరీంనగర్, నిజామాబాద్ పాఠకులకు ఈ వరుస వివరించనక్కర లేదు. తేడా ఒక్కటే, డియర్‌బోర్న్ వెళ్లినవారు ఆలుబిడ్డలతో అక్కడే స్థిరపడగలిగారు.

మూతపడిన దుకాణాలతో వెలవెలబోతున్న వారెన్ అవెన్యూను 1980లలో తిరిగి తెరిచినది లెబనాన్ వర్తకులే. రొట్టెల బట్టీలు, మిఠాయి అంగళ్లు, హలాల్ మాంసపు కొట్లు, బంగారు దుకాణాలు. కర్మాగారంలో కూడబెట్టిన సొమ్ము దుకాణమయింది, దుకాణపు లాభం పిల్లల చదువయింది. ఫోర్డ్ సంస్థ ఇచ్చిన భూమిలో 1959లో స్థాపించబడిన మిషిగన్ విశ్వవిద్యాలయ శాఖ ఊరిలోనే ఉండటంతో చదువుకు దూరం వెళ్లే అవసరం తప్పింది.

అయితే అందరూ స్వాగతించారనుకోవడం పొరపాటు. 1985 మేయరు ఎన్నికలలో ‘అరబ్ సమస్య’ అన్న మాటను కరపత్రంపై అచ్చువేసిన అభ్యర్థే గెలిచాడు. ఆ తరువాత మార్పు బడుల గుండా వచ్చింది. పిల్లల సంఖ్య పెరిగే కొద్దీ ప్రభుత్వ పాఠశాలలు ఈద్ రోజులలో సెలవు ఇవ్వసాగాయి. 2010లో రమజాన్ మాసం ఆగస్టు ఎండలలో వచ్చినప్పుడు ఫోర్డ్‌సన్ ఉన్నత పాఠశాల ఫుట్‌బాల్ జట్టు, ఉపవాసమున్న పిల్లల కోసం సాధనను రాత్రి వేళకు మార్చుకుంది. మైదానపు దీపాల కింద అర్ధరాత్రి దాటాక పరుగులు తీసిన ఆ బాలురు ఆటను వదలలేదు, రోజాను వదలలేదు. 2021 నవంబరులో, లెబనాన్ వలసదారుల ఇంట ఇదే ఊరిలో పుట్టిన అబ్దుల్లా హమ్మూద్ 31వ యేట మేయరుగా ఎన్నికయ్యాడు. ఆ పదవికి ఎన్నికైన తొలి ముస్లిం ఆయనే.

2020 జనగణనలో తొలిసారిగా ‘తెల్లవారు’ అన్న గడి కింద తమ మూలాన్ని రాసుకునే వీలు కల్పించారు. డియర్‌బోర్న్ వాసులలో 54.5 శాతం మంది మధ్యప్రాచ్యం, ఉత్తర ఆఫ్రికా మూలాలను రాశారు. ఈ సంఖ్యను ముస్లింల సంఖ్యగా చెప్పుకోవడం సరికాదు. అమెరికా జనగణన మతాన్ని అడగదు, అరబ్బులలో క్రైస్తవులూ ఉన్నారు. ముస్లింలలోనూ డిక్స్ అవెన్యూ సున్నీల మస్జిద్ అయితే, 2005లో ప్రారంభమైన ఇస్లామిక్ సెంటర్ భవనం షియా సమాజానిది. ఒకే మూసలో పోసిన జనం కారు వారు.

ఆర్థిక స్థితి విషయంలో మన ఊహలకు కళ్లెం వేసుకోవలసి ఉంది. ఫోర్డ్ ప్రధాన కార్యాలయం నేటికీ ఆ నగరంలోనే ఉంది. డెట్రాయిట్ పరిసరాలలోని నోవై, ట్రాయ్ వంటి శివారు పట్టణాలలో స్థిరపడిన తెలుగు ఇంజినీర్లలో ఎందరికో అన్నం పెడుతున్నది ఈ కార్ల పరిశ్రమే. అయినా డియర్‌బోర్న్‌లో దాదాపు నాలుగింట ఒక వంతు జనం పేదరిక రేఖకు దిగువన ఉన్నట్లు ఇటీవలి అంచనాలు తెలుపుతున్నాయి. దేశపు సగటుకు అది సుమారు రెట్టింపు. ఒక్కరి సంపాదనపై ఆధారపడిన పెద్ద కుటుంబాలు, యుద్ధం నుండి చేతులూపుకుంటూ వచ్చిన కొత్త శరణార్థులు ఇందుకు ప్రధాన కారణాలని మేము భావిస్తున్నాము. లక్ష మందిని పోషించిన రూజ్‌లో నేడు ఉన్న ఉద్యోగాలు కొన్ని వేలే. చేతులు మారుతూ వచ్చిన అక్కడి ఉక్కు కర్మాగారం తన కొలిమిని ఆపివేస్తున్నట్లు 2025లో ప్రకటించడంతో సుమారు 600 మంది ఉపాధికి ముప్పు వచ్చింది. సౌత్ ఎండ్ తల్లులు ఏళ్ల తరబడి పిల్లల ఉబ్బసానికి ఆ పొగనే నిందిస్తూ వచ్చారు. ఆ ఇళ్లలోనే కొందరి జీతం కూడా ఆ పొగ నుండే వచ్చేది.

2024 మార్చిలో అమెరికా ప్రభుత్వం మధ్యప్రాచ్య, ఉత్తర ఆఫ్రికా ప్రజలకు లెక్కలలో ప్రత్యేకమైన గడిని ఏర్పరచే నిర్ణయం తీసుకుంది. అది అమలైతే, 2030 జనగణనలో సౌత్ ఎండ్ కార్మికుని మనుమలు ‘తెల్లవారు’ అన్న గడిలో తమను వెతుక్కోవలసిన అవసరం ఉండదు.