చేపకు ఎంత ప్రవాహం కావాలి?



మీ ఇంట్లో అక్వేరియం ఉంటే, ఈ రోజు పిల్లలతో కలిసి ఐదు నిమిషాలు దాన్ని గమనించండి. చేప హాయిగా తిరుగుతోందా, ఏదో ఒక మూల నక్కి ఉంటోందా? మా ఇంట్లో ఫైటర్ చేప రెండు వారాలు మొక్క చాటునే ఉండిపోయింది. జబ్బు చేసిందనుకుని మందు వేశాను. అసలు సంగతి ఏమిటంటే, ఫిల్టర్ నుంచి వచ్చే నీటి తోపుకు అది ఈదలేకపోయింది. నాకు అర్థమయ్యేసరికి తిండి మానేసింది. బతకలేదు.

ఫైటర్ చేపది థాయ్‌లాండ్ ప్రాంతం. అక్కడ నెమ్మదిగా కదిలే నీళ్లలో, పొలాల్లో పెరుగుతుంది. మన కొర్రమీనులాగే పైకి వచ్చి గాలి పీల్చుకుంటుంది. జోరుగా నీళ్లు తగిలితే దాని పొడవాటి రెక్కలే దానికి బరువు. అదే జీబ్రా చేపకైతే కొంచెం ప్రవాహం ఉన్నా ఇబ్బంది లేదు.

అలాగని పంపు ఆపేయకూడదు. చేపల వ్యర్థాల నుంచి అమోనియా అనే విషం పుడుతుంది. ఫిల్టర్ స్పాంజిలో ఉండే మేలు చేసే బాక్టీరియా దాన్ని మారుస్తుంది. గంటల తరబడి నీళ్లు కదలకపోతే ఆ బాక్టీరియాకు ఆక్సిజన్ అందదు. కాబట్టి స్పాంజిలోంచి వెళ్లే నీరు తగ్గకూడదు, చేపకు తగిలే తోపు మాత్రం తగ్గాలి.

దీనికి ఉపాయం మన పల్నాడు పిల్లలకు తెలిసిందే. 1967లో సాగర్ కుడి కాలువకు నీళ్లు వదిలారు. కాలువ నీటిని షట్టర్లతో ఎటు ఎంత కావాలో అంత పంచుతారు. అక్వేరియంలోనూ అదే చేద్దాం.

కావలసినవి: మొబైల్ చార్జర్‌తో నడిచే 5 వోల్టుల చిన్న పంపు, దాని మూతికి సరిపోయే ట్యూబు, ఒక టీ జాయింటు, రెండు చిన్న ట్యాపులు, స్పాంజి.

పంపు నీళ్లు పీల్చే వైపు స్పాంజి పెట్టండి. బయటికి వచ్చే ట్యూబును టీతో రెండుగా చీల్చి, ఒక్కోదానికి ఒక్కో ట్యాపు బిగించండి. మొదటి కొమ్మను తొట్టె మధ్యకు తిప్పండి. రెండోదాని చివర మూసి, వరుసగా చిన్న రంధ్రాలు పెట్టి, అద్దం వైపు తిప్పండి. ఈ నీళ్లు అద్దానికి తగిలి జోరు తగ్గుతాయి. మొదటి ట్యాపు తగ్గించినప్పుడు రెండోది తెరవండి. రెండూ ఒకేసారి మూయకండి.

ఇక లెక్క పిల్లలది. ఒక్కో కొమ్మను తొట్టె నీటి మట్టం దగ్గర లీటరు సీసాలోకి పెట్టి, నిండటానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడమనండి. 36 సెకన్లు పడితే గంటకు 100 లీటర్లు. తర్వాత ఆ నీళ్లు తిరిగి తొట్టెలో పోయాలి.

ఈ జాగ్రత్తలు తప్పనిసరి. చార్జరు, ప్లగ్గు తొట్టెకు దూరంగా, నీటి మట్టం కంటే ఎత్తులో ఉండాలి. వైరు ప్లగ్గు కంటే కిందికి వేలాడాలి, అప్పుడు వైరు వెంట జారిన చుక్క కిందే రాలిపోతుంది. ప్లగ్గు తీశాకే నీళ్లలో చెయ్యి పెట్టాలి. మిర్చి తోటలో వాడిన పాత డ్రిప్ పైపులు, ట్యాపులు వద్దు. వాటిలో మిగిలిన మందు కొంచెమైనా చేపల ప్రాణం తీస్తుంది.

ఇదంతా మీరే చేసి ఇవ్వకండి, పక్కన కూర్చోండి చాలు. ట్యాపు తిప్పిన ప్రతిసారీ చేప ఎక్కడ ఈదిందో పిల్లలనే నోట్‌బుక్‌లో రాయనివ్వండి. ఆ పేజీ క్లాసుకు పంపండి, అందరం కలిసి చదువుదాం.

మీ పిల్లల సైన్స్ టీచర్,
రాజుపాలెం